పతంగి ఎగురని సీమలో పొత్తుల లెక్క

కర్నూలు, కడప జిల్లాలలో (2022 నాటి పునర్విభజనకు పూర్వమున్న ఎల్లలతోనే వానిని భావించి చెప్పుచున్నాను) 2011 జనాభా లెక్కల ప్రకారము ఇంచుమించు ప్రతి ఆరుగురిలో ఒకరు ముస్లిములు. ఆంధ్రప్రదేశమంతటిని కలిపి చూచినప్పుడు ఏడు శాతమునకు కొంచెము మించియున్న ఈ నిష్పత్తి, వానలకు మొగము వాచిన ఈ రెండు జిల్లాలలో పదునారు శాతమునకు చేరినది. ఐనను 1956లో రాష్ట్రమేర్పడినది మొదలు నేటివరకు ముస్లిముల పేరిట వెలసిన ఏ రాజకీయపక్షమును ఈ సీమనుండి ఒక్క శాసనసభ్యునైనను గెలిపించుకొనలేదు. అట్లని ముస్లిం శాసనసభ్యులు లేకపోలేదు. కడప నియోజకవర్గము 1994 మొదలు 2019 వరకు జరిగిన ఆరు సార్వత్రిక ఎన్నికలలోను ముస్లిం అభ్యర్థినే వరించినది: 1994, 1999లలో తెలుగుదేశము పక్షమున ఖలీల్ బాషా, 2004, 2009లలో కాంగ్రెసు పక్షమున అహ్మదుల్లా, 2014, 2019లలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున అంజాద్ బాషా. జెండాలు మూడు మారినవి. గెలిచినవాని మతము మారలేదు. మారనిది మరియొకటియు కలదు: ఆ మూడు పక్షములలో ఏదియు ముస్లిం పక్షము కాదు.

పార్లమెంటరీ విధానములో చిన్న మతపక్షము ఎట్లు బ్రదుకును, ఎవరితో చేయి కలుపును, అందుకు ఏమి చెల్లించి ఏమి రాబట్టుకొనును అను ప్రశ్నలు పుట్టినప్పుడు హైదరాబాదు పాతబస్తీ వైపో, మలబారు వైపో, ఇజ్రాయేలు వైపో దృష్టి సారించుట పరిపాటి. అట్టి పక్షము మొలకెత్తుటకు తగిన నేల యున్నట్లే కనబడియు అది మొలకెత్తని చోట ఆ ప్రశ్నలు వేసినచో సమాధానములు మరింత స్పష్టముగా దొరకునని నాకు తోచినది. కర్నూలు, కడపలను ముందు పెట్టుకొనుటకు కారణమిదియే.

సంకీర్ణమను విద్య మన సీమవారికి క్రొత్తది కాదు. వయోజన ఓటుహక్కుపై తొలిసారిగా ఎన్నికలు జరిగిన 1952లో ఈ రెండు జిల్లాలును మద్రాసు రాష్ట్రములోనివి. 375 స్థానములున్న ఆ శాసనసభలో కాంగ్రెసునకు దక్కినవి 152 మాత్రమే. ఎన్నికలలో నిలువనే నిలువని రాజాజీని శాసనమండలికి నియమించి ముఖ్యమంత్రిని చేసిన పిదప, ఆయన చిన్నపక్షములను ఒక్కొక్కటిగా తనవైపు త్రిప్పుకొని మెజారిటీని కూడబెట్టెను. కామన్‌వీల్ పక్షపు నాయకుడు మాణిక్యవేలు నాయకరునకు మంత్రిపదవి లభించెను. టాయిలర్స్ పక్షము మంత్రివర్గములో చేరకయే మద్దతు నిచ్చెను. ఐదుగురు సభ్యులు గల ముస్లిం లీగును ప్రభుత్వము వైపే మొగ్గెను. ఐదుగురే గదా యని తేలికగా చూడరాదు. దేశవిభజన తెచ్చిన నిందను మోయుచు, 1948 మార్చి 10వ తేదీన మద్రాసులో మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబు నాయకత్వమున క్రొత్తగా రూపు దిద్దుకొన్న పక్షమది. అంతకు ముందటి సంవత్సరమే, 1947 ఆగస్టులో, ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములు కొనసాగవలెనని పోకర్ సాహెబు రాజ్యాంగసభలో ప్రతిపాదింపగా సభ దానిని త్రోసిపుచ్చెను. ఏ పక్షపు కోరికను ఇక వినరాదని కాంగ్రెసు తీర్మానించెనో, ఆ పక్షపు ఐదు ఓట్లే ఐదేండ్లు తిరుగకముందు కాంగ్రెసునకు అవసరపడినవి. సిద్ధాంతములు ఏమి చెప్పినను సభలో లెక్క లెక్కయే.

పిమ్మట 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రమవతరించెను. కార్యాలయములు గుడారములలో నడచిన ఆ దినములలోనే, 1954 నవంబరులో, మద్యనిషేధపు వివాదముపై ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో కూలిపోయెను. 1955 ఎన్నికలకు కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పక్షము, ప్రకాశముగారి ప్రజాపక్షము ఒక్కటై, తమలో తాము పోటీ పడకుండ స్థానములు పంచుకొనినవి. ఆ ఎన్నికలలో కమ్యూనిస్టులకు నూటికి ముప్పదియొక ఓట్లు పడినవి. 196 స్థానములలో వారికి చిక్కినవి పదునైదు. ఆ కూటమిలో మతపక్షమేదియు లేకపోయినను, మన ఎన్నికల పద్ధతి చిన్నవారికి చెప్పు పాఠమంతయు ఆ రెండు అంకెలలో కలదు. ఏ నియోజకవర్గమునందైనను అందరికన్న ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకొన్నవాడే విజేత. రెండవ స్థానమున నిలిచినవానికి వచ్చిన వేలకొలది ఓట్లు చిత్తుకాగితములతో సమానము. కనుక ఈ పద్ధతిలో ప్రధానమైన ప్రశ్న మనవారెందరు అనునది కాదు, మనవారెచ్చట గుమిగూడియున్నారు అనునది.

ఈ సూత్రమును కేరళములోని ముస్లిం లీగువలె ఆకళించుకొన్న పక్షము దేశములో మరియొకటి లేదు. మలబారు ప్రాంతమున ముస్లిములు దట్టముగా నుండుటచేత కొన్ని స్థానములు దానికి ఎప్పుడును చెక్కుచెదరని ఆస్తి. ఆ ఆస్తిని ఏ బజారులో అమ్మవలెనో నిర్ణయించుటయే దాని రాజకీయము. 1960లో కాంగ్రెసు, ప్రజా సోషలిస్టులతో కలసి కమ్యూనిస్టుల నోడించెను గాని, గెలిచిన పిదప లీగును మంత్రివర్గములో కూర్చుండబెట్టుకొనుటకు కాంగ్రెసు జంకి, సీతి సాహెబునకు సభాపతి పీఠము నిచ్చి సరిపెట్టెను. ఆ అవమానమును లీగు మరువలేదు. 1967లో అదే లీగు నంబూద్రిపాద్ నాయకత్వమునందలి కూటమిలో, అనగా దేవుడు లేడనువారితో, భాగస్వామియై, సి.హెచ్. మహమ్మద్ కోయా మొదలగువారు మంత్రులైరి. 1969 జూనులో మలప్పురము జిల్లా ఏర్పడినది. పదేండ్ల పిమ్మట, 1979 అక్టోబరులో, కోయా కొద్ది వారముల పాటు ముఖ్యమంత్రియు నయ్యెను. నాస్తికులతో ఆస్తికుల పొత్తని ఆనాడు నవ్వినవారు అసలు విషయమును గ్రహింపలేదు. కమ్యూనిస్టునకు వేయు ఓటు వేరు, లీగునకు వేయు ఓటు వేరు. ఒకరి పొలమును మరియొకరు దున్నుకొను భయము లేనప్పుడే పొత్తు నిలుచును.

ఒకే మతము పేరు చెప్పుకొను రెండు చిన్న పక్షములు కలిసినచో బలపడునని సామాన్యముగా అనుకొందురు. మన పద్ధతిలో జరుగునది దానికి విపర్యయము. ఆ రెండును ఒకే వీథిలో, ఒకే మసీదు ముంగిట, ఒకే ఇంటి తలుపు తట్టుచుండును గనుక వానికి పరస్పరమున్నది పోటీయే గాని పొత్తు కాదు. కేరళ లీగు 1975లో చీలి, 1985లో మరల ఏకమై, బాబ్రీ మసీదు కూల్చివేత పిమ్మట కాంగ్రెసుతో తెగతెంపులు చేసుకొనవలెనన్న సులేమాన్ సేట్ 1994లో వెలుపలికి వచ్చి వేరొక లీగును స్థాపించుటయు, ఆ క్రొత్త లీగు వామపక్షముల పంచకు చేరుటయు ఇందుకు సాక్ష్యము. హైదరాబాదులోను ఇదియే కథ.

అచ్చటి మజ్లిస్ (మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్) పక్షపు చరిత్ర చాల పొడుగైనది. దానిని ఇచ్చట త్వరగా దాటెదను. 1927లో నిజాము రాజ్యమున పుట్టి, 1938 నుండి బహదూర్ యార్ జంగ్, ఆయన పిమ్మట కాసిం రజ్వీ చేతులలో నడచి, 1948 పోలీసు చర్యతో మూతపడిన ఆ సంస్థను, 1957-58 ప్రాంతమున అబ్దుల్ వాహెద్ ఒవైసీ రాజకీయపక్షముగా పునరుద్ధరించెను. ఆయన కుమారుడు సలాహుద్దీన్ 1962లో శాసనసభకు, 1984లో హైదరాబాదునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. 2004 నుండి ఆ స్థానమున అసదుద్దీన్ కొనసాగుచున్నాడు. పాతబస్తీ సాంద్రతయే మజ్లిసునకు మూలధనము: హైదరాబాదు జిల్లాలో 2011 లెక్కల ప్రకారము ముస్లిములు నలుబదిమూడు శాతము. ఐనను 1993లో అమానుల్లా ఖాన్ వెలుపలికి వచ్చి మజ్లిస్ బచావో తహ్రీకును స్థాపింపగా, 1994 ఎన్నికలలో చీలినవారికి రెండు స్థానములు, అసలు పక్షమునకు ఒక్కటి దక్కినవి. ఆ గాయము మానిన పిదప 1999, 2004లలో నాలుగేసి స్థానములును, 2009 మొదలు 2023 వరకు జరిగిన నాలుగు ఎన్నికలలోను సరిగా ఏడేసి స్థానములును పతంగి గుర్తుపై వచ్చినవి; ఒకటి తగ్గలేదు, ఒకటి పెరుగలేదు. పక్షము పేరులోనే ముస్లిముల ఐక్యతను ధరించిన మజ్లిస్, హైదరాబాదు నగరపాలక సంస్థలో తనకు బలము చేకూరినప్పుడు ప్రకాశరావు, సత్యనారాయణ, పోచయ్య వంటి హిందువులను మేయరు పీఠముపై కూర్చుండబెట్టిన సంగతి కూడ ఇచ్చట చెప్పదగియున్నది. ఒంటరి మతపక్షము ఏడు స్థానముల వద్ద ఆగిపోవును. ఎనిమిదవ దానికొరకు అన్యుల యిండ్లకు పోవలసినదే.

ఇచ్చట కథలోనికి కడప వచ్చుచున్నది. పులివెందుల శాసనసభ్యుడు రాజశేఖరరెడ్డి 2004లో ముఖ్యమంత్రి యగుటతో మజ్లిసునకును కాంగ్రెసునకును నడుమ గాఢమైన స్నేహము ఏర్పడినది. అది స్థానములు పంచుకొన్న పొత్తుకన్న మెత్తనిది, కాని మన్నికైనది. 2008 జూలైలో మన్‌మోహన్ సింగ్ ప్రభుత్వము విశ్వాసపరీక్ష నెదుర్కొన్నప్పుడు మజ్లిస్ ఏకైక సభ్యుని ఓటు దానికే పడినది. 2009లో గట్టెక్కిన కాంగ్రెసునకు 294 స్థానముల సభలో మెజారిటీ బొటాబొటిగా నుండుటయు, ఆ సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి మరణించుటయు, పిమ్మట ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డి వెంట కొందరు శాసనసభ్యులు నడచుటయు సంభవించుటచే, మజ్లిస్ ఏడుగురి విలువ ఎన్నడును లేనంత పెరిగెను. తాసులో రెండు పళ్లెములు సరిసమానముగా నున్నప్పుడే చివరి గింజకు విలువ. ఒక పళ్లెము నేలనంటినప్పుడు దానినెవరు లెక్కింతురు? చార్మినారు ప్రక్కనున్న భాగ్యలక్ష్మి గుడి వివాదముపై 2012 నవంబరులో మజ్లిస్ కాంగ్రెసునకు రాష్ట్రములోను, కేంద్రములోను మద్దతు ఉపసంహరించెను. 2019లో అసదుద్దీన్ ఆంధ్రప్రదేశమున తన పక్షమును పోటీకి దింపక, కడప బిడ్డ యగు ఆ జగన్మోహనరెడ్డిని బలపరచుచున్నట్లు ప్రకటించెను. పతంగి ఎగురలేని చోట జగన్మోహనరెడ్డి పక్షపు గుర్తగు ఫ్యానునకు గాలి తోడైనదని కొందరు చమత్కరించిరి.

ఆ స్నేహకాలమునకు స్మారకముగా నిలిచినది నాలుగు శాతపు రిజర్వేషను. 2004 జూలైలో ముస్లిములందరికిని ఐదు శాతమని ప్రభుత్వ ఉత్తర్వు వెలువడగా హైకోర్టు కొట్టివేసినది. 2005లో చేసిన చట్టమును నిలువలేదు. మతమును ఆధారముగా గొనక, వెనుకబాటుతనమును ఆధారముగా గొని, సయ్యదులు, పఠానులు, మొగలులు మున్నగువారిని మినహాయించి, పదునాలుగు వర్గములకు నాలుగు శాతమని 2007లో మరియొక చట్టము చేసిరి. దానినియు 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కాదనగా, మరుసటి నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతరపు ఉత్తర్వుతో అది అమలులో నిలిచినది. కర్నూలు, కడప పట్టణములలో నేడు వైద్య, ఇంజనీరింగు కళాశాలలకు పోవుచున్న అనేక కుటుంబముల పిల్లలకు దారి తెరచినది ఈ చట్టమే. దానికొరకు ఈ సీమవారు ఏ మతపక్షమునకును ఓటు వేసియుండలేదు. సంకీర్ణ రాజకీయమున ఫలము పండినచోటు ఒకటి, దానిని ఆరగించు చోటు మరియొకటి యగుట అరుదు కాదు.

మరి పతంగి ఇచ్చట ఏల ఎగురలేదు? మొదటి కారణము లెక్కదే. పదునారు శాతము పల్లెపల్లెకు చెదరియున్నప్పుడు ఇరువది నాలుగు నియోజకవర్గములలో (కర్నూలు పదునాలుగు, కడప పది) ఏ ఒక్కదానను అది స్వయముగా గెలుపునకు చాలదు. కాని దాదాపు ప్రతిదానను గెలుపోటములను తారుమారు చేయజాలును. అట్టి సమాజమునకు సొంత పక్షమువలన లాభముకన్న నష్టమే హెచ్చు. కడప వన్‌టౌన్ టీ అంగళ్ల వద్ద ఎన్నికల కాలమున వినవచ్చు మాట ఇదియే: "మనోనికి ఏస్తే ఓటు చీలిపోతాది, అవతలోడు గెలుస్తాడు." ఏ రాజనీతిశాస్త్ర గ్రంథమును ఇంతకన్న క్లుప్తముగా చెప్పలేదు.

రెండవది, ఇచ్చటి ముస్లిములు ఒక్క ముద్దగా నున్నవారు కారు. దూదేకులవారు తరతరములుగా తెలుగే మాటలాడుచు, వ్యవసాయ కార్మికులుగా, చేతిపనివారుగా గ్రామజీవితములో కలసిపోయినవారు; వెనుకబడిన తరగతుల జాబితాలో వారికి "బి" వర్గమున పూర్వమునుండియే స్థానము కలదు. పట్టణములలోని ఉర్దూ మాటలాడు కుటుంబముల ఆకాంక్షలు వేరు, వీరి అవసరములు వేరు. మూడవ కారణము అంకెలకందనిది. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిం కుటుంబములు కానుకలతో వచ్చుటయు, కడప పెద్దదర్గా ఉరుసునకు హిందువులు బారులు తీరుటయు, పీర్ల పండుగకు ఊరంతయు అగ్నిగుండము చుట్టు చేరుటయు ఈ సీమలో వింతలు కావు. మంత్రాలయపు భూమిని రాఘవేంద్రస్వామికి ఇచ్చినవాడు ఆదవాని నేలిన సిద్ది మసూద్ ఖాన్ అని ప్రతీతి. దీనినంతయు సామరస్యమని పొగడి ఊరకుండుట నాకు సమ్మతము కాదు. కలహములును ఇచ్చట జరిగినవి. కాని మతమును మాత్రమే గుర్తుగా చూపి ఓటు అడుగువానికి ఇట్టి ఊరిలో శ్రోతలు తక్కువ. దీనికి ముఠా కక్షలు తోడగును. గ్రామము రెండుగా చీలినప్పుడు ముస్లిం గృహస్థుడు తన మతస్థుని వెంట గాక, తనకు రక్షణ నిచ్చు రెడ్డి వెంటనో, మరియొక పెద్ద వెంటనో నడచును. మూడవ జెండా పట్టినవానికి దిక్కెవరు?

కర్నూలు పట్టణపు అనుభవము మరియొక వింత. అచ్చట 1994లోను, 2004లోను గెలిచిన ఎం.ఎ. గఫూర్ మార్క్సిస్టు. 1994లో తెలుగుదేశముతో, 2004లో కాంగ్రెసుతో, అనగా పరస్పరము విరోధులైన రెండు పెద్ద పక్షములతో వామపక్షములు కుదుర్చుకొన్న పొత్తులే ఆయనను రెండుమార్లు సభకు పంపినవి. అట్టి పొత్తు లేని 1999లో ఆ స్థానము టి.జి. వెంకటేశునకు పోయినది. ముస్లిముల ఓట్లు గణనీయముగానున్న పట్టణమున, మతపక్షము చేయదగిన పనిని మతమును నమ్మని పక్షము చేసినది. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున హఫీజ్ ఖాన్ గెలిచినప్పుడును ముస్లిముల ఓట్లు మాత్రమే ఆయనను గెలిపించియుండవు.

హిందూమతము పేరిట రాజకీయము నడపువారికిని ఈ సీమలో లెక్క మారలేదు. భారతీయ జనతా పార్టీ దేశములో ఎంత పెద్దదైనను ఆంధ్రప్రదేశమున చిన్న పక్షమే. 2019లో ఒంటరిగా నిలిచినప్పుడు దానికి ఒక్క శాతము ఓట్లును రాలేదు, ఒక్క స్థానమును రాలేదు. 2024లో తెలుగుదేశము, జనసేనలతో కూడి పది స్థానములకు పోటీ చేసి ఎనిమిది గెలిచినది; అందులో రెండు మన సీమలోనివే. ముస్లిములు పెద్దసంఖ్యలో నున్న ఆదోనిలో పార్థసారథి, జమ్మలమడుగులో ఆదినారాయణరెడ్డి. అందరికన్న తక్కువ ఓట్లు గల భాగస్వామి పొత్తువలన అందరికన్న ఎక్కువ లాభపడునని అనుటకు ఇంతకన్న ఉదాహరణ మేల? మతప్రచారకుడు కె.ఎ. పాల్ 2008లో స్థాపించిన ప్రజాశాంతి పక్షము ఎవరితోను కలియక పోటీ చేయుచు వచ్చినది. ఫలితము చెప్పనక్కరలేదు.

ఓట్ల నిష్పత్తినిబట్టి స్థానములు పంచు దేశములలో లెక్క తలక్రిందులగును. ఇజ్రాయేలు దేశమంతయు ఒకే నియోజకవర్గము. సభలో 120 స్థానములు. 2014లో చేసిన మార్పు ప్రకారము 3.25 శాతము ఓట్లు రాని జాబితాకు ఒక్క స్థానమును లేదు. అచ్చట ఒకే వీథిలో తిరుగువారు సహితము ఆ గడప దాటుటకు చేతులు పట్టుకొనక తప్పదు. ఒకరి గురువులను మరియొకరు అంగీకరింపని రెండు సంప్రదాయ యూదుపక్షములు 1992 నుండి ఒకే జాబితాపై నిలుచుచున్నవి. 2022లో మూడు తీవ్ర మతజాతీయ పక్షములు ఎన్నికలకొరకే కలసి పదునాలుగు స్థానములు గెలిచి, పిమ్మట ఎవరి దారిన వారు విడిపోయిరి. ఆ యెన్నికలోనే ఒంటరిగా నిలిచిన మెరెట్స్, బలద్ పక్షములు గడప దాటక మట్టికొట్టుకొనినవి. నాలుగు స్థానములు గల అరబ్బు ఇస్లామీయ పక్షము 2021లో అక్కడి ప్రభుత్వములో భాగస్వామి యయ్యెను. హాలెండులో మూడు పెద్ద క్రైస్తవ పక్షములు, ఒక కథోలికము, రెండు ప్రొటెస్టెంటు, శతాబ్దముల విభేదములను దిగమ్రింగి 1980లో ఒక్కటైనవి. మరి రెండు చిన్నవి 2000లో కలసి క్రిస్టెన్ యూని అను పేరు ధరించి, కొన్ని మంత్రివర్గములలో చోటు సంపాదించినవి. కాబట్టి మతపక్షములు కలియునా, కలహించునా యన్నది మతముకన్న ఎన్నికల చట్టము మీదనే హెచ్చుగా ఆధారపడియున్నది.

మన చట్టము మతపక్షమును నిషేధింపలేదు; మతము పేరిట ఓటు అడుగుటను నిషేధించినది. రాజ్యాంగపు 325వ అధికరణము అందరికిని ఒకే ఓటర్ల జాబితా నేర్పరచి బ్రిటిషువారి నాటి ప్రత్యేక నియోజకవర్గములకు చరమగీతము పాడినది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టపు 123వ విభాగము మతము, కులము, భాషల పేరిట అభ్యర్థించుటను అక్రమాచరణముగా పరిగణించుచున్నది. అభ్యర్థి మతమునే గాక ఓటరు మతమును ఉద్దేశించి అడుగుటయు దోషమేయని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురి అభిప్రాయముతో, ముగ్గురి భిన్నాభిప్రాయముతో తీర్పు చెప్పినది. ఆచరణలో ఈ నిషేధము ఎంత పలుచనైనదో పాఠకులకు విన్నవింప నక్కరలేదు. చిన్నపక్షములను నిజముగా పట్టి బాధించునది ఫిరాయింపుల చట్టము. 2003 సవరణ మూడవవంతు చీలికకున్న రక్షణను తొలగించి మూడింట రెండువంతుల విలీనమును మాత్రము అనుమతించినది. 2020లో బిహారులో కుష్వాహా పక్షము, బహుజన సమాజ్ పార్టీలతో కూడిన కూటమిలో నిలిచి మజ్లిస్ ఐదు స్థానములు గెలిచెను. 2022 జూనులో ఆ ఐదుగురిలో నలుగురు రాష్ట్రీయ జనతా దళమున చేరి, చట్టమునకు చిక్కక శాసనసభ్యులుగానే మిగిలిరి. నూరుమంది గల పక్షమును అట్లు కొనుటకు అరువదియేడుగురు కావలెను. ఐదుగురు గల పక్షమునకు నలుగురు చాలు. 2025 బిహారు ఎన్నికలలో రాష్ట్రీయ జనతా దళమున్న పెద్ద కూటమిలో చోటు కోరి, అది దక్కక, మజ్లిస్ మరల ఐదే గెలిచినది.

ఇంతకును కర్నూలు, కడప ముస్లిములకు మతపక్షము లేకపోవుట మేలా, కీడా? ఎక్కువ పాలు మేలేయని నా నిర్ణయము. అందరి ఓట్లు అడుగవలసిన అభ్యర్థి అందరి గడపలకు పోవును. నాలుగు శాతపు చట్టము వంటిది పాతబస్తీ ఏడుగురి గొంతుచేత మాత్రమే రాలేదు, ఓట్లు గుత్తగా ఎవరికిని వ్రాసియివ్వని ఇట్టి జిల్లాల భయముచేతను వచ్చినది. కాని ఈ ఏర్పాటులో ఒక లోపము కలదు. పెద్దపక్షములోని ముస్లిం నాయకుడు ఎన్నికయగునది తన పక్షపు బీఫారముపై. ఆ పక్షము రేపు ఎవరితో చేయి కలుపునో నిర్ణయించు గదిలో అతనికి మాట ఉండదు. 1999లో తెలుగుదేశము భారతీయ జనతా పార్టీతో కలసినప్పుడు కడపలో ఖలీల్ బాషాయు, నంద్యాలలో ఫరూఖును ఆ పొత్తు నీడలోనే గెలిచిరి. పొత్తు షరతులను వారు వ్రాయలేదు. మలప్పురపు లీగు నాయకుడు కూటమి మార్చగలడు. కడప శాసనసభ్యుడు పక్షము మాత్రమే మార్చగలడు. కనుక ఈ సీమ ఓటర్లు అభ్యర్థి పేరును చూచి తృప్తి పడక, పొత్తు కుదిరిన నాడే ఆ పొత్తు షరతులేవో ఎన్నికలకు ముందుగా బహిరంగముగా ప్రకటింపుమని ప్రతి పక్షమును నిలదీయుట ఉచితము.

2024 ఎన్నికలలో కడప స్థానము తెలుగుదేశపు మాధవీరెడ్డికి, కర్నూలు స్థానము అదే పక్షపు టి.జి. భరత్‌కు దక్కినవి. పూర్వపు రెండు జిల్లాలలోని ఇరువది నాలుగు స్థానములలో, జనసంఖ్య లెక్కన నలుగురుండవలసిన చోట, గెలిచిన ముస్లిం శాసనసభ్యుడు ఒక్కడే: భారతీయ జనతా పార్టీ భాగస్వామిగా నున్న కూటమి పక్షమున నంద్యాలనుండి ఎన్నికై, నేడు రాష్ట్ర న్యాయ, మైనారిటీ సంక్షేమ శాఖల మంత్రిగా నున్న ఎన్.ఎం.డి. ఫరూఖ్.